నూట పన్నెండో పేజీలో ఉండిపోయిన పిలుపు

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్లేసరికి నేను ట్రంకు పెట్టె ముందు కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉన్నాను. పెట్టెలో పాత దుప్పట్లున్నాయి, కలరా ఉండలున్నాయి, మా ఆయన చేతి గడియారం ఉంది. ఫొటో మాత్రం లేదు. నాకున్నది ఆ ఒక్క ఫొటోనే. పదహారేళ్ల నేను, నా పక్కన రెండు జడల నా స్నేహితురాలు. దాని కోసం పెట్టె మూడుసార్లు బోర్లించి, నాలుగోసారి బోర్లించే ఓపిక లేక, లేచి నిలబడి ఇంట్లో అందరికీ వినపడేలా ఒక మాటన్నాను. "నేను జుట్టు కత్తిరించుకుంటున్నాను!"

డెబ్బై నాలుగేళ్లొచ్చాక ఇదేం బుద్ధి అని మా అమ్మాయి నోరు వెళ్లబెట్టింది. దానికేం తెలుసు! ఫొటో దొరక్కపోతే పోయింది, కనీసం ఇంకో జత స్నేహితుల్నైనా కాపాడదామని నా ఎత్తు.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్లు ఇలా దగ్గరికి జరగండి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా మనవరాలు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, ముక్కు మీద జారకుండా వాటి కాళ్లు వంచి ఇస్తుంది. ఆ పని లేని ప్రతి నిమిషం పుస్తకమే. తింటూ పుస్తకం, తల దువ్వుకుంటూ పుస్తకం. చదివేటప్పుడు మీరేమడిగినా "ఊఁ" అంటుంది. ఆ ఊఁ విని మురిసిపోకండి, ఒక్క అక్షరం చెవికెక్కదు. అందుకే ఇంట్లో దాన్ని ఊఁపాప అంటాం. దాని ప్రాణస్నేహితురాలు పక్క వీధి పిల్ల, నాలుగో ఏట నుంచి బొమ్మల జుట్టు కత్తిరించి కత్తిరించి కత్తెర అని పేరు తెచ్చుకుంది. మూడు వారాల కిందట సొంతంగా జుట్టు కత్తిరించే దుకాణం తెరిచింది. ఆ రోజు నుంచీ మా పిల్లతో మాటల్లేవు. మా పిల్ల ఎదురుపడితే వీధి దాటి అవతలికి పోతుంది. ఎందుకే అని మా పిల్లని అడిగితే, "ఏమో అమ్మమ్మా, నాకూ తెలీదు" అంటుంది. అబద్ధం చెప్పే మొహం కాదది. నిజంగానే తెలీదు. అదీ అసలు చిక్కు.

అలిగినవాళ్లిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టడం ఎలా? కత్తెర ఎంత కోపంగా ఉన్నా, తడిసిన తలతో కూర్చున్న మనిషిని వదిలేసి వెళ్లదు కదా. మా ఊఁపాపకి బుధవారం సెలవు. మధ్యాహ్నం కిటికీ దగ్గర పుస్తకంలో పూర్తిగా మునిగిపోయిందాకా ఆగి, మెల్లగా వెళ్లి అడిగాను.

"నాతో ఒక చోటికి వస్తావా తల్లీ?"

"ఊఁ."

"కాళ్లకి చెప్పులు వేసుకో మరి."

"ఊఁ."

వేసుకుంది. ఒకటి దానిది, ఒకటి వాళ్లమ్మది. వీధిలో నా మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో పుస్తకం మొహానికి అడ్డంగా పెట్టుకుని, గుడ్డిదాన్ని నడిపించినట్టు నన్ను నడిపించుకుంటూ వచ్చింది. ఎవరు ఎవర్ని నడిపించారో మీరే ఊహించుకోండి. మెట్ల దగ్గర "కాలు ఎత్తు" అన్నాను, ఎత్తింది. తలుపు తీస్తే గంట మోగింది. షాంపూ వాసనొచ్చింది. అప్పుడు తలెత్తి చూసింది మా పిల్ల.

ఎదురుగా కత్తెర, చేతిలో కత్తెర.

"అమ్మమ్మా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఒకత్తి భయంతో, ఇంకొకత్తి కోపంతో.

"ఏంటే ఆ అరుపులు, బేరం వచ్చింది మర్యాద చెయ్యవా?" అంటూ నేను తిన్నగా వెళ్లి కుర్చీ ఎక్కేశాను.

చిన్న దుకాణమే కానీ అద్దంలా పెట్టుకుంది పిల్ల. రెండు కుర్చీలు, తల కడిగే తొట్టి ఒకటి, దువ్వెనలు వరసగా నీళ్ల గ్లాసులో. మూల కుర్చీలో, జుట్టు ఆరబెట్టే పెద్ద డ్రయ్యరు టోపీ కింద బడి టీచరమ్మ కూర్చుని కునుకు తీస్తోంది. కత్తెర నా మెడ చుట్టూ గుడ్డ కట్టింది. చేతులు మెత్తగానే ఉన్నాయి కానీ ముడి మాత్రం బిగించి వేసింది. అత్త మీద కోపం దుత్త మీద.

"ఎంత తీయమంటారు అమ్మమ్మా?"

"భుజాల దాకా. తలుపు దగ్గర నిలబడ్డ దాన్ని కూడా కూర్చోమను."

"ఖాళీగా ఉన్న చోట కూర్చోవచ్చని ఆవిడకి చెప్పండి."

ఆవిడట! చీమిడి ముక్కులతో ఒక పలకని ఇద్దరూ నాకిన పిల్లలు, ఆవిడట!

"ఆవిడ నిలబడే ఉంటానందని చెప్పు అమ్మమ్మా," అంది మా పిల్ల.

"నేను తల కడిగించుకోడానికొచ్చాను, మీకు టపా మొయ్యడానికి కాదు," అని తల వెనక్కి వాల్చి తొట్టిలో పెట్టి కళ్లు మూసుకున్నాను. గోరువెచ్చటి నీళ్లు పడ్డాయి. మనం కళ్లు మూసుకుంటే చిన్నపిల్లలు మనం లేనట్టే అనుకుంటారు. పెద్దయినా ఆ అలవాటు పోదు.

తరవాత కత్తెర గొంతు, నా తల మీదుగా. "ఎందుకొచ్చావు?"

"అమ్మమ్మ తీసుకొచ్చింది."

"అంటే నీ అంతట నువ్వు రావన్నమాట."

"నువ్వే కదా నన్ను చూసి వీధులు దాటుతున్నది! నేనేం చేశానో చెప్పు. చెప్పకుండా అలిగితే నాకెలా తెలుస్తుంది?"

నా తల మీద చేతులు ఆగిపోయాయి. నీళ్లు ఒకటే ధార నా చెవిలోకి. నేను కదల్లేదు. చెవి ఆరుతుంది, ఈ మాట ఇప్పుడు పోతే మళ్లీ రాదు.

"ఏం చేశావో తెలీదా?" అంది కత్తెర. "నిజంగా?"

"ఒట్టు."

గబగబా తుండు నా తలకి చుట్టేసి, కుర్చీ తిప్పేసి, అద్దం కింద సొరుగు బర్రున లాగింది. అందులోంచి ఒక కార్డు తీసి మా పిల్ల చేతుల్లోకి విసిరింది. గులాబీ రంగు కార్డు, అంచులు కత్తెరతో మెలికలు మెలికలుగా కత్తిరించి ఉన్నాయి. అచ్చు వేయించింది కాదు, చేత్తో చేసింది. మీద దుకాణం తెరిచే రోజు, వేళ. కింద ఆ పిల్ల రాత: *మొదటి కుర్చీ నీదే. నువ్వొచ్చేదాకా నేను కత్తెర పట్టుకోను.*

"ఇది... ఎప్పుడిచ్చావు నాకు?"

"నీ దుకాణానికొచ్చి, నీ చేతిలో పెట్టాను! 'ఆదివారం పదింటికి, తప్పకుండా రావాలి' అన్నాను. నువ్వేమన్నావో తెలుసా?"

మా పిల్ల మొహంలో రంగు దిగిపోయింది. "ఊఁ అన్నానా?"

"ఊఁ అన్నావు!"

తుండు కింద నేను నాలుక కరుచుకున్నాను. అదే ఊఁ తో కదా నేను దాన్ని ఇక్కడిదాకా నడిపించుకొచ్చింది!

"సరే, మర్చిపోయావనుకుందాం," అంది కత్తెర, గొంతు పైకి లేస్తోంది. "పదయింది. పదిన్నరయింది. అందరూ నిలబడి చూస్తున్నారు, ఎప్పుడు మొదలెడతావని మా అమ్మ గొణుగుతోంది. పదకొండున్నరకి తలుపు గంట మోగింది. వచ్చావనుకున్నాను. ఎవడో ముక్కూ మొహం తెలీనివాడు! చేతిలో నా కార్డు! నేను నీ కోసం రెండు రాత్రులు కూర్చుని చేసిన కార్డు! రాకపోతే రాకపోయావు, నీ కుర్చీలోకి ఇంకొకడిని పంపిస్తావా? వెనక్కి తిప్పి చూడు, ఇంకా ఉంది."

వెనక్కి తిప్పింది. పెన్సిల్‌తో మా పిల్ల రాత, చీమల బారు. *వంటమనిషి దొంగ కాదు. డాక్టరే. పేజీ 112 చూడు.*

"నా పిలుపు నీకు చిత్తు కాగితమా?"

టీచరమ్మ డ్రయ్యరు టోపీ కొంచెం పైకి ఎత్తుకుంది. నిద్రపోతోందనుకున్నాను. ఎక్కడ!

మా పిల్ల ఆ రాత మీద వేలు పెట్టి చూసుకుంది. తరవాత చిన్నగా, "నేనెవరినీ పంపలేదే," అంది. "ఓడ నవల చదువుతున్నాను అప్పుడు. ఓడలో కెప్టెన్ గడియారం పోతుంది, అందరూ వంటమనిషి మీద పడతారు. నూట పన్నెండో పేజీలో ఉన్నాను. నువ్వేదో ఇచ్చావు. గుర్తుకి పెట్టుకోడానికి ఏదో దొరికిందనుకున్నాను. పేజీలో పెట్టేశాను. శుక్రవారం పుస్తకం లైబ్రరీకి తిరిగిచ్చేశాను. కార్డుతో సహా."

"కార్డుతో సహా."

"ఆ తరవాత ఆ పుస్తకం ఎవరు తీసుకుంటే వాళ్లకి..."

"నువ్వు నా మొహం చూసి తీసుకున్నావు కదే కార్డు!"

"చూడలేదు. అదే చెప్తున్నాను. నేను నీ మొహం చూడలేదు."

అది తప్పించుకోడానికి చెప్పిన మాట కాదు. తప్పు పేరు పెట్టి ఒప్పుకోవడం. అలా ఒప్పుకోవడం చాలామందికి చేతకాదు, మా ఆయనకి చివరి దాకా చేతకాలేదు.

కత్తెర నమ్మలేనట్టు చూసింది. "నమ్మమంటావా? పుస్తకంలో గుర్తుకి కార్డులు పెట్టేవాళ్లుంటారా?"

మా పిల్ల చేతిలో ఉన్న పుస్తకాన్ని తలకిందులు చేసి విదిలించింది. దేవుడా, ఏం రాలాయి! బస్సు టికెట్టు, ఎండిన ఆకు, కళ్లజోడు తుడిచే గుడ్డ ముక్క, పక్క పిన్ను, చదునైన ఐస్‌క్రీం పుల్ల, సగం చాక్లెట్ కాగితం, ఒక చీటీ.

"అది నా కళ్ల డాక్టరు చీటీ!" అన్నాను నేను. "నెల రోజుల నుంచి వెతుకుతున్నాను! కళ్లు కనపడక దొరకలేదేమోననుకుంటున్నాను!"

కత్తెర పెదవులు బిగబట్టింది. నవ్వకూడదని శాయశక్తులా ప్రయత్నించింది. ఇంతలో పుస్తకంలోంచి ఆఖరుగా, ఠంగుమని, ఒక చెంచా పడింది. ఇంక ఆ పిల్ల వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. టీచరమ్మ టోపీ కింద భుజాలు ఎగురుతున్నాయి. మా పిల్ల కూడా నవ్వుతోంది, కళ్లల్లో నీళ్లతో.

నవ్వితే సగం కోపం పోతుంది. మిగతా సగం అడుగున ఉంటుంది, అది నోటితో చెప్పుకుంటే కానీ పోదు. కత్తెర లేచి, కళ్లు తుడుచుకుని, దువ్వెన తీసి నా చిక్కు తీయడం మొదలెట్టింది. నా జుట్టుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"నీ పుస్తకాల మీద నాకెప్పుడూ కోపం లేదు. చిన్నప్పుడు మీ వసారాలో నువ్వు చదువుతుంటే పక్కనే కూర్చుని బొమ్మల జుట్టు కత్తిరించేదాన్ని. గుర్తుందా? గట్టిగా చదివేదానివి. రాక్షసుడి గొంతు, రాణి గొంతు. నాకు అక్షరాల వెంట కళ్లు పరుగెత్తవు, నీకు తెలుసు, రెండో పేజీకే నిద్రొస్తుంది. కానీ నీ వల్ల ఎన్ని కథలు తెలుసో నాకు! తరవాత ఎప్పుడో, ఏడో క్లాసులో కాబోలు, మనసులో చదువుకోవడం మొదలెట్టావు. పక్కనే కూర్చున్నాను, అదే వసారా, అదే నువ్వు. నువ్వు లోపలున్నావు, నేను బయటున్నాను. తలుపేసుకున్నట్టయింది."

వింటున్నారా, అదీ సంగతి. మూడు వారాల అలక అనుకున్నాం, పదిహేనేళ్ల అలక అది.

మా పిల్ల కార్డు అటూ ఇటూ తిప్పుతూ అంది. "నాకు జనంలో ఏం మాట్లాడాలో తెలీదే. మీరంతా మాటకి మాట ఎలా అందుకుంటారో! నేను అనాల్సింది నాకు తట్టేసరికి మీరు ఇంకో సంగతిలో ఉంటారు. పుస్తకంలో మనుషులు నా జవాబు కోసం ఎదురుచూడరు. నాకది హాయి. కానీ ఏదైనా బాగుంటే మొదట నీకే చెప్పాలనిపిస్తుంది. డాక్టరు సంగతి కూడా నీకే చెబుదామని రాసుకున్నాను, ఆ కార్డు మీద. అది నీ కార్డేనని చూసుకోకుండా."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మీకు తెలుసుగా, నా నోట్లో నువ్వుగింజ నానదు.

"ఇద్దరూ నా మాట వినండి," అన్నాను అద్దంలో వాళ్లని చూస్తూ. "పదహారో ఏట నాకొక స్నేహితురాలుండేది. రెండు జడలేసుకునేది, ఎడమ జడ ఎప్పుడూ పొట్టి. వాళ్ల నాన్నకి ఉద్యోగం మారి దూరం వెళ్లిపోయారు. వెళ్లేముందు ఇద్దరం ఫొటో తీయించుకున్నాం. వెళ్లాక నాకు ఉత్తరాలు రాసింది. ఒకటీ రెండూ కాదు, పదకొండు. నాకు చదవడం రాదు. అప్పటికి సంతకం కూడా రాదు. ఆ సంగతి దానికి చెప్పలేదు, వచ్చినట్టే నటించేదాన్ని. ఎవరిచేతనైనా చదివించుకుందామంటే సిగ్గు. జవాబు రాయించుకుందామంటే ఇంకా సిగ్గు. పదకొండు ఉత్తరాలూ విప్పకుండా దుప్పట్ల మధ్య దాచాను. పన్నెండోది రాలేదు. మా అమ్మాయి ఒకటో క్లాసు పుస్తకం ముందేసుకుని నేను అక్షరాలు నేర్చుకునేసరికి నాకు ముప్ఫై రెండేళ్లు. అప్పుడు విప్పి చదివాను. పదకొండోదాంట్లో ఒకటే ముక్క. 'నా మీద కోపమా?' ఆ అడ్రసుకి రాశాను. అక్కడ ఎవరూ లేరని తిరిగొచ్చింది."

దువ్వెన ఆగింది.

"చదువు రాక నేను పోగొట్టుకున్నాను. చదువు ఎక్కువై ఇది పోగొట్టుకుంటోంది. రెంటికీ మధ్య ఎక్కడో ఇంత జాగా ఉండదుటే? ఇద్దరు మనుషులు కూర్చునేంత?"

కత్తెర నా తడి జుట్టు భుజం దగ్గర రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. "తీసేయనా అమ్మమ్మా? తీస్తే మళ్లీ అతకదు."

"తియ్యి."

కిచుక్కుమంది. జానెడు జుట్టు నా ఒళ్లో పడింది. అప్పుడు, ఎవరూ అడక్కుండానే, మా పిల్ల రెండో కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చుంది. పుస్తకం విప్పింది. గొంతు సవరించుకుంది.

"రైలు గేటు దగ్గర కాపలా ఉండే మనిషి భార్య కథ ఇది," అంది. "గేటు పడినప్పుడల్లా ఆగిన బళ్లలోవాళ్లు మాట్లాడుకునేదంతా కిటికీలోంచి వింటూ ఉంటుంది. మొదట్నుంచీ చదువుతాను."

చదివింది. మొదటి పేజీ తడబడుతూ, రెండో పేజీ కాస్త నిలదొక్కుకుని. మూడో పేజీలో ఒక లారీ డ్రైవరొచ్చాడు, వాడికి బొంగురు గొంతు పెట్టింది. కత్తెర చేతులు కిచుక్ కిచుక్ మంటూనే ఉన్నాయి. అంతలో "ఆగాగు! వాడు భార్యకి అబద్ధం చెప్పాడా?" అంది. "ఆగవే, వస్తుంది," అంది మా పిల్ల. "ఇప్పుడే చెప్పు!" "చెప్పనంటే చెప్పను!" ఇద్దరికీ మళ్లీ ఏడేళ్లు వచ్చేశాయి. టీచరమ్మ డ్రయ్యరు ఎప్పుడో కట్టేసింది, వినపడటం లేదని. ఆవిడ జుట్టు సగం తడి, సగం పొడి. "లారీవాడు చెప్పింది మళ్లీ ఒకసారి చదవమ్మా," అంది. బళ్లో పిల్లల చేత ఎన్ని పాఠాలు చదివించిందో కానీ, తనకి ఎవరైనా చదివి పెట్టి ఎన్నేళ్లయిందో.

ఒక అధ్యాయం అయ్యాక కత్తెర నిక్కచ్చిగా అంది. "ఇదిగో, నా షరతు. ప్రతి బుధవారం నీ సెలవు. ప్రతి బుధవారం మధ్యాహ్నం నాకు బేరాలు తక్కువ. వచ్చి ఈ కుర్చీలో కూర్చుని చదవాలి. మాట్లాడక్కర్లేదు, ఎవరినీ పలకరించక్కర్లేదు. చదివితే చాలు. మిగతా ఆరు రోజులూ నీ ఇష్టం, మొహం పుస్తకంలో కుక్కుకో."

"ఊఁ," అంది మా పిల్ల.

"ఏమన్నావు?"

మా పిల్ల పుస్తకం మూసింది. మూసేసి, ఆ పిల్ల మొహంలోకి చూసింది. "వస్తాను," అంది.

ఇక్కడితో ఆపేసినా నా కథ హాయిగా ఉండేది. కానీ నా జుట్టు ఇంకా ఒక పక్కే అయింది. కుడివైపు భుజం మీద, ఎడమవైపు నడుం మీద. ఆ అవతారంలో నేనుండగా తలుపు గంట మోగింది.

లోపలికొచ్చినవాడికి ముప్ఫై ఏళ్లుంటాయి. నీలం రంగు పని బట్టలు, నడుముకి స్పానర్ల బెల్టు. ఎడమ చెవి మీద జుట్టు ఉండాల్సిన దానికన్నా వేలెడు పైకి ఉంది. కత్తెర అతన్ని చూసి తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకుంది. ఆ ఆదివారం కళ్లనిండా నీళ్లతో కత్తిరించింది మరి, వంకర పోక ఏమవుతుంది!

"ఇతనే," అంది కత్తెర, మా పిల్ల చెవిలో. "లిఫ్టులు బాగుచేసే ఆయన. కార్డు పట్టుకొచ్చింది ఈయనే."

"నేనారోజు కూర్చోడానికి రాలేదండీ," అన్నాడు అతను వచ్చీ రావడంతోనే, మూడు వారాలుగా దాచుకున్నట్టు. "లైబ్రరీ పుస్తకంలో కార్డు కనపడింది. ఎవరికి ఇచ్చిందో పేరు లేదు. 'నువ్వొచ్చేదాకా కత్తెర పట్టుకోను' అని ఉంది. తేదీ చూస్తే ఆ రోజే! అయ్యో, ఈ పిలుపు అందాల్సినవాళ్లకి అందలేదు, చెబుదామని పరుగెత్తుకొచ్చాను. నోరు విప్పేలోపే మీ అమ్మగారు నన్ను కుర్చీలోకి తోసి మెడకి గుడ్డ కట్టేశారు."

"మా అమ్మ అంతే," అంది కత్తెర నేల చూపులు చూస్తూ. "కూర్చోండి, రెండో పక్క కూడా సరి చేస్తాను."

అతను మా పిల్ల చేతిలో గులాబీ కార్డు చూశాడు. మొహం వెలిగింది. "ఓహో, పెన్సిల్ రాత మీదేనా! ఓడ నవల రెండో భాగం నేనే తీసుకున్నాను, అయిపోయింది. డాక్టరు గురించి..."

"చెప్పకండి!" మా పిల్ల రెండు చెవులూ మూసుకుంది. "మూడు వారాలుగా రెండో భాగం కోసం లైబ్రరీ చుట్టూ తిరుగుతున్నాను! మీ దగ్గరుందా?"

"ఇదిగో, మీ కోసమే తెచ్చాను. పేరు తెలీదు కదా, ఇక్కడిచ్చి వెళదామని." సంచిలోంచి పుస్తకం తీసిచ్చాడు. జనంలో ఏం మాట్లాడాలో తెలీని పిల్ల, ఆ పుస్తకం గుండెకి హత్తుకుని, లిఫ్టుల గోతిలో కూర్చుని చదువుకోడానికి వెలుతురు చాలుతుందా అని మొదలెట్టి అయిదు ప్రశ్నలడిగింది. కత్తెరా నేనూ అద్దంలో ఒకరినొకరం చూసుకున్నాం. కత్తెర కనుబొమ్మలెగరేసింది.

"ఇంకోటి కూడా ఉందండీ," అన్నాడతను, కొంచెం ఇబ్బంది పడుతూ. "మొదటి భాగంలో కార్డు ఒక్కటే కాదు. ఆఖరి అధ్యాయంలో ఇంకో గుర్తు ఉంది. నేను నెమ్మదిగా చదువుతాను, అక్కడికి చేరేసరికి వారం పట్టింది. వెంటనే తెచ్చిద్దామనుకున్నాను. మా నానమ్మ ఇవ్వనివ్వలేదు."

జేబులోంచి కవరు, కవరులోంచి పల్చటి కాగితంలో చుట్టినది తీశాడు.

నేను చూడక్కర్లేకపోయింది. ఆ అంచు నాకు తెలుసు. ఒక మూల చెద కొరికింది, మా ఆయన అతికించాడు.

"ఊఁపాపా," అన్నాను. మా పిల్ల నా వైపు చూసింది, ఫొటో వైపు చూసింది, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ చెయ్యి తీయలేదు.

"ఎడమ పక్క అమ్మాయి ఎవరో నాకు తెలీదండీ," అన్నాడు లిఫ్టుల అబ్బాయి. "కుడి పక్క రెండు జడలావిడ మా నానమ్మ. ఫొటో చూసిన దగ్గర్నుంచి అన్నం సహించటం లేదు ఆవిడకి. ఆ ఎడమ పక్కావిడ తన పదకొండు ఉత్తరాలకి ఒక్క జవాబూ ఇవ్వలేదట. ఎందుకివ్వలేదో కళ్లల్లోకి చూసి అడగాలట. కార్డు దొరికిన చోటే మనిషి కూడా దొరుకుతుందని పట్టుబట్టి ఇవాళ నాతో బయల్దేరింది. మెట్లెక్కడం నెమ్మది, వెనక వస్తోంది."

నేను అద్దంలోకి చూసుకున్నాను. మెడకి గుడ్డ, ఒక పక్క పొట్టి జుట్టు, ఇంకో పక్క పొడుగు. డెబ్బై నాలుగేళ్లు. యాభై ఎనిమిదేళ్లుగా ఈ జవాబు రోజూ మనసులో రాసుకుంటున్నాను, ఇవాళ ఒక్క అక్షరం కూడా గుర్తు రావడంలేదు.

"కత్తెరా, రెండో పక్క తొందరగా తియ్యవే," అన్నాను.

"మీరు కదలకుండా ఉంటే కదా అమ్మమ్మా," అంది అది.

మెట్ల మీద చేతికర్ర టకటకమంది. ఒకటి. ఆగింది. రెండు. తలుపు గంట మోగకముందే, బయట నుంచి ఒక గొంతు, ఆ గొంతే, కొంచెం బొంగురుపోయిన ఆ గొంతే వినపడింది.

"లోపలుందా? ముందు ఒక్కమాట అడగండి దాన్ని. నా మీద కోపమా అని."